పొలం బేరంలో మధ్యవర్తి: అనుభవం ఒక్కటే చాలదు

పొలం అమ్ముకోవద్దనే మన సంఘం మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. ఇప్పుడూ అదే చెబుతున్నాం. అయితే మనం చెప్పినంత మాత్రాన అమ్మకాలు ఆగవు. అప్పు మెడ మీద ఉంటుంది. ఆసుపత్రి బిల్లు కట్టాలి. పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి ఉంటాయి. కొడుకులు పట్నంలో స్థిరపడితే ఊళ్లో ముసలివాళ్లకు నాగలి పట్టే ఓపిక ఉండదు. అమ్మక తప్పని పరిస్థితి వచ్చిన రైతును తప్పుపట్టడం మన పని కాదు. ఆ రోజున అతను నిలువునా మోసపోకుండా చూడటం మన పని.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, ఊరూరా పొలం బేరాలు పెరిగాయి. హైదరాబాద్ చుట్టూ సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా రీజనల్ రింగ్ రోడ్డు పేరు వినపడితే చాలు, కార్లు దిగుతున్నాయి. అమరావతి చుట్టుపక్కల, భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల, కొత్త హైవేలు వచ్చే ప్రతిచోటా ఇదే తంతు. కార్లలో వచ్చేవారికీ రైతుకీ మధ్య ఒక మనిషి ఉంటాడు. బ్రోకర్ అనండి, దళారి అనండి, మధ్యవర్తి అనండి. చాలాసార్లు అతను మన ఊరివాడే, మనకు వరసైనవాడే. రైతు చేతికి చివరికి ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎక్కువగా ఈ మనిషి మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఈ మనిషిని ఎలా ఎంచుకోవాలో మనం గట్టిగా మాట్లాడుకోవాలి.

ఒక్కసారి అమ్మేవాడు, వారానికోసారి కొనేవాడు

పత్తి అమ్మితే, మిర్చి అమ్మితే, ఈ ఏడాది తూకంలో మోసపోయినా వచ్చే ఏడాది జాగ్రత్త పడతాం. పొలం విషయంలో వచ్చే ఏడాది అంటూ ఉండదు. రైతు జీవితంలో పొలం అమ్మేది ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు. ఎదురుగా కూర్చున్న వ్యాపారికి ఆ నెలలో అది ఎన్నో బేరమో. ఏ మాట ముందు అనాలో, ఏ కాగితం చివర్లో తీయాలో, ఎంత ఆలస్యం చేస్తే రైతు మెత్తబడతాడో అతనికి తెలుసు. మనకు తెలియదు. ఇద్దరి మధ్య ఉన్న ఈ తేడాను పూడ్చడానికే మధ్యవర్తి కావాలి. అంటే అతని దగ్గర రెండు ఉండాలి: ఆ వ్యాపారికి ఉన్నంత అనుభవం, ఆ అనుభవాన్ని రైతు వైపు నిలబడి వాడే నిజాయితీ. రెండింటిలో ఏది లేకపోయినా రైతుకు నష్టమే. అనుభవం ఉండి నిజాయితీ లేకపోతే వచ్చే నష్టం మరీ పెద్దది.

ఒకప్పుడు ఊళ్లో భూమి సంగతులన్నీ తెలిసినవాళ్లు ఉండేవారు. కోస్తాలో, రాయలసీమలో కరణాలు, తెలంగాణలో పట్వారీలు. వాళ్లేమీ ధర్మరాజులు కాదు. కరణం కలం పోటుకు పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మనలోనే ఉన్నాయి. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు రైతులు సంతోషించారు, అది న్యాయమే. తర్వాత వచ్చిన గ్రామాధికారుల వ్యవస్థ పేర్లు మారుతూ నడిచింది. తెలంగాణలో 2020లో వీఆర్ఓలను కూడా తీసేశారు. రికార్డు కంప్యూటర్లోకి వెళ్లింది. ఫలానా సర్వే నంబర్లో దారి ఎటు ఉంది, ఏ గట్టు ఎప్పుడు జరిగింది, ఏ అన్నదమ్ముల పంపకం నోటిమాటగా జరిగింది అనేది కంప్యూటర్ చెప్పదు. ఆ ఖాళీలోకి మధ్యవర్తి వచ్చి కూర్చున్నాడు. కరణానికి కనీసం ప్రభుత్వం ముందు జవాబుదారీ ఉండేది. ఇతనికి అదీ లేదు.

అనుభవం అంటే ఏమిటి?

ఖరీదైన ఫోను, పెద్ద కారు, ఎమ్మెల్యేతో ఫొటో అనుభవం కాదు. అనుభవం ఉన్న మధ్యవర్తి ధర మాట్లాడకముందే కాగితాలు అడుగుతాడు. పాసు పుస్తకం ఒక్కటి చూసి సరిపెట్టడు. ఆంధ్రలో అయితే 1-బి, అడంగల్ చూస్తాడు. రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం నంబరు రైతు ఒక్కడి పేరున ఉందా, పక్కవాళ్లతో కలిపి జాయింట్‌గా పడిందా అని చూస్తాడు. తెలంగాణలో అయితే పాత పహాణీలు వెనక్కి తిరగేస్తాడు, సాదా బైనామాతో వచ్చిన భూమా అని అడుగుతాడు. ఈసీ తీయించి పాత లావాదేవీలు, తాకట్లు చూస్తాడు. బ్యాంకులో పంట రుణం ఎంత ఉందో ముందే లెక్క వేస్తాడు.

నిషేధిత జాబితా, అంటే 22-ఎ, తప్పకుండా చూస్తాడు. అసైన్డ్ భూమి అయితే 1977 నాటి చట్టం అమ్మకాలను నిషేధించిందని, తర్వాత వచ్చిన సడలింపులు ఎవరికి వర్తిస్తాయో విడిగా చూడాలని చెబుతాడు. ఏజెన్సీ ప్రాంతమైతే 1/70 గుర్తుచేస్తాడు. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారడం చెల్లదు. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకున్నా చెల్లదు. దేవాదాయ, వక్ఫ్, ఇనాం, సీలింగ్ భూముల చిక్కులు వేరు.

ఆడబిడ్డల సంగతి కూడా అడుగుతాడు. పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో సంబంధం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. "అక్కకు కట్నం ఇచ్చేశాంగా" అన్న మాట రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనికిరాదు. అక్క సంతకం లేని అమ్మకం పదేళ్ల తర్వాతైనా కోర్టుకెక్కుతుంది. ఈ మాట ముందే చెప్పి ఆమెను పిలిపించి, ఆమె వాటా ఆమెకు ఇప్పించి సంతకం పెట్టించే మధ్యవర్తి ఆ కుటుంబానికి మేలు చేసినవాడు.

ఇక నేల మీద ఉన్న విస్తీర్ణం సంగతి. కాగితం మీద మూడెకరాలుంటే కొలతలో రెండు ఎకరాల ముప్పై ఎనిమిది గుంటలు రావచ్చు. కొలత ముందే వేయించాలి. బోరు, కరెంటు మీటరు ఎవరికి, చెట్లు ఎవరివి, నిలబడి ఉన్న పంట కోసుకునేది ఎవరు, కౌలుదారుకు ఎంత గడువు అన్నవి బేరంలోనే తేల్చాలి. ఇవన్నీ తెలియడమే అనుభవం.

తడిగుడ్డతో గొంతు కోసే అనుభవం

ఇవే విషయాలు తెలిసిన మనిషి రైతు వైపు లేకపోతే ఏమవుతుంది? మన సంఘం ఆఫీసులకు వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు నాలుగైదు రకాల్లోనే ఉంటాయి.

మొదటిది, "నీకు ఎకరాకు ఇంత వస్తే చాలు కదా, పైది నాకొదిలేయ్" అనే బేరం. వినడానికి బాగానే ఉంటుంది, కమీషన్ ఇచ్చే పని లేదు. కానీ ఆ క్షణం నుంచి మధ్యవర్తి రైతు మనిషి కాడు, రైతుకు తెలియకుండా కొనుగోలుదారు అయిపోయాడు. రైతు ధర ఎంత తగ్గితే అతనికి అంత లాభం.

రెండోది, అగ్రిమెంట్ల గొలుసు. ఉదాహరణకు మూడెకరాలు, ఎకరా 40 లక్షలు అనుకుందాం. మొత్తం 1 కోటి 20 లక్షలు. బయానా 10 లక్షలు ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటారు. అందులో "కొనుగోలుదారు లేదా అతను చూపించినవారి పేరున రిజిస్ట్రేషన్ చేయాలి" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని రైతుకు చదివి వినిపించరు. ఆ అగ్రిమెంటు పట్టుకుని ఎకరా 48 లక్షలకు ఇంకొకరికి మాట్లాడతారు. రైతు పొలం మీద, పెట్టిన పది లక్షల మీద 24 లక్షల లాభం. వేరే ఖాతాదారు దొరక్కపోతే? గడువు దాటుతుంది. "ఇంకో నెల ఆగు బాబాయ్" అంటారు. రైతు ఇంకొకరికి అమ్మబోతే కోర్టు నోటీసు వస్తుంది. గడువు తేదీ నుంచి మూడేళ్ల దాకా దావా వేసే అవకాశం లిమిటేషన్ చట్టం ఇస్తోంది. అగ్రిమెంటు రిజిస్టర్ కాకపోయినా ఆ దావాలో సాక్ష్యంగా పనికొస్తుంది. దావా పడ్డ పొలం వైపు ఎవరూ తొంగి చూడరు. అప్పు తీర్చడానికి అమ్మకం పెట్టిన రైతుకు అప్పు పెరుగుతుంది, పొలం కదలదు.

మూడోది, జీపీఏ. "రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది" అని చెప్పి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు. జీపీఏతో, అగ్రిమెంటుతో భూమి హక్కు మారదని, రిజిస్టరైన సేల్ డీడ్‌తోనే మారుతుందని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. కానీ జీపీఏ ఉన్న మనిషి రైతు పేరున సంతకాలు చేసేయగలడు. డబ్బు తీసుకుని ఇచ్చిన జీపీఏను రైతు తనకు తానుగా రద్దు చేసుకోవడం అంత తేలిక కాదు. వెంచర్ల కోసం రాయించుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లలోనూ ఈ జీపీఏ కలిసే ఉంటుంది. మన వాటా ప్లాట్లు ఏవో నంబర్లతో సహా రాయకుండా సంతకం పెట్టిన రైతుకు చివరికి మిగిలేది మూలనున్న ముక్కే.

నాలుగోది, నగదు. "ప్రభుత్వ విలువ మేరకే రిజిస్ట్రేషన్, మిగతాది చేతికి" అంటారు. ఇందులో రైతుకు లాభం ఉందనే భ్రమ చాలామందికి ఉంది. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన ఉంది. అమ్మినవారికీ కొన్నవారికీ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. పట్నం వ్యాపారి కొంటే ఆ మినహాయింపు రాదు. తప్పితే తీసుకున్నంత సొమ్మూ జరిమానా. అది పడేది ఇచ్చినవాడి మీద కాదు, తీసుకున్న రైతు మీద. ఇది చెప్పే మధ్యవర్తి ఎందరున్నారు?

తక్కువ చూపిస్తే ఊరంతటికీ దెబ్బ

నగదు బేరంలో ఇంకో నష్టం ఉంది, అది అమ్మిన రైతుతో ఆగదు. రేపు మన ఊళ్లో రోడ్డుకో కాలువకో ప్రభుత్వం భూమి తీసుకుంటే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఎలా లెక్కిస్తారు? ముందటి మూడేళ్లలో దగ్గర్లో అలాంటి భూములకు జరిగిన రిజిస్టర్డ్ అమ్మకాలు చూస్తారు. వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు తీస్తారు. దాన్ని ప్రభుత్వ విలువతో పోల్చి, ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువగా తీసుకుంటారు. దానికి గ్రామీణ ప్రాంతపు గుణకం, నూరు శాతం సొలేషియం కలుస్తాయి. 40 లక్షలకు అమ్మి దస్తావేజులో 8 లక్షలు రాయించిన ప్రతి అమ్మకం ఈ లెక్కను కిందికి లాగుతుంది. నిజం ధరకు దస్తావేజు లేని ఊళ్లో రైతులు ఆర్డీఓ ముందు నిలబడి "మా దగ్గర ఎకరా 40 లక్షలు" అంటే, "కాగితం చూపించండి" అంటారు. చూపించడానికి ఏమీ ఉండదు. నిజాయితీ లేని ఒక మధ్యవర్తి చేసిన బేరానికి పొలం అమ్మని రైతు కూడా మూల్యం చెల్లిస్తాడు.

పన్ను భయంతో చాలామంది తక్కువ చూపించడానికి ఒప్పుకుంటారు. ఆ భయం ఎక్కువ సందర్భాల్లో అక్కర్లేదు. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకం మీద మూలధన లాభాల పన్ను పడదు. దగ్గర్లోని మున్సిపాలిటీ జనాభా పది వేలు దాటి లక్ష లోపుంటే 2 కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షలుంటే 6 కిలోమీటర్లు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. నేరుగా గీత గీసినట్టు కొలిచే ఈ దూరం దాటి అవతల ఉన్న పొలం గ్రామీణ భూమే. లోపల ఉన్నా, రెండేళ్లు సాగు చేసిన పొలం అమ్మిన రెండేళ్లలోగా వేరేచోట వ్యవసాయ భూమి కొంటే, పెట్టిన మేరకు లాభం మీద మినహాయింపు ఉంది. అనుభవం, నిజాయితీ రెండూ ఉన్న మధ్యవర్తి ఈ మాట చెప్పి, ఆడిటర్ దగ్గరికి పంపించి, పూర్తి ధర దస్తావేజులో రాయిస్తాడు.

మంచివాడైతే చాలా?

"మనవాడే, మంచివాడు, మోసం చేయడు" అని నమ్మి తెలియనివాడి చేతిలో పెట్టడం కూడా ప్రమాదమే. అగ్రిగోల్డ్ ఉదంతం మన కళ్ల ముందు జరిగింది. ప్లాట్లు, భూములు చూపించి లక్షల మంది దగ్గర డిపాజిట్లు కట్టించుకున్నారు. కట్టించినవాళ్లు ఎక్కడి నుంచో రాలేదు. మన ఊళ్లలోని చదువుకున్న కుర్రాళ్లు, చిన్న ఉద్యోగులు, చుట్టాలు. చాలామంది ఏజెంట్లు తమ డబ్బు, తమ వాళ్ల డబ్బు కూడా అందులోనే పెట్టారు. మోసం చేయాలని వాళ్లు అనుకోలేదు. తాము అమ్ముతున్నదేమిటో వాళ్లకు తెలియలేదు, అంతే. డిపాజిటర్లు ఇంటి మీదికొస్తే సమాధానం చెప్పలేక ఊళ్లు విడిచిన ఏజెంట్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తెలియని విషయాన్ని "నాకు తెలియదు, తెలిసినవాణ్ని అడుగుదాం" అనగలగడం కూడా నిజాయితీలో భాగమే. అంతా తెలుసనే మధ్యవర్తి కన్నా, సర్వేయర్ని పిలుద్దాం, లాయరుకు చూపిద్దాం అనే మధ్యవర్తి మేలు.

యార్డులో లైసెన్సు, పొలానికి తెల్లచీటీ

మార్కెట్ యార్డులో పది బస్తాల మిర్చి అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటుకు 1966 మార్కెట్ల చట్టం కింద లైసెన్సు ఉండాలి. తక్‌పట్టీ ఇవ్వాలి. తెల్లచీటీ ఇస్తే మనం యార్డు గేటు ముందు ధర్నా చేస్తాం. ఆ మిర్చి పండిన పొలాన్నే అమ్మిపెట్టే మనిషికి లైసెన్సు లేదు, తక్‌పట్టీ లేదు. కోటి రూపాయల బేరం తెల్లచీటీ మీద నడుస్తోంది.

రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు రెరా చట్టం ఉంది కదా అనవచ్చు. 2016లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మిపెట్టే ఏజెంటు రెరాలో నమోదు చేసుకోవాలి, ఖాతా పుస్తకాలు ఉంచాలి, అబద్ధపు మాటలు చెప్పి అమ్మకూడదు. తప్పితే జరిమానా. మంచిదే. అయితే అది ప్లాటు కొనే పట్నంవాడికి రక్షణ. ఆ ప్లాటు కింద ఉన్న నేలను రైతు దగ్గర కొనిపించిన మధ్యవర్తి దాని పరిధిలోకి రాడు. అంటే ఒకే భూమికి కొనేటప్పుడు చట్టం ఉంది, రైతు అమ్మేటప్పుడు లేదు.

ఉన్నంతలో రైతుకు పనికొచ్చేది 1872 నాటి కాంట్రాక్టు చట్టమే. ఒకరి తరఫున పని చేస్తానని ఒప్పుకున్న ఏజెంటు, యజమానికి తెలియకుండా అదే వ్యవహారంలో సొంతానికి బేరం చేసుకుంటే, దాని వల్ల అతనికి వచ్చిన లాభాన్ని యజమాని అడగవచ్చని ఆ చట్టం చెబుతోంది. ఎకరాకు 8 లక్షలు పైన తిన్నవాణ్ని నిలదీసే హక్కు రైతుకు ఉందన్నమాట. అయితే అతను మన ఏజెంటని రుజువేది? నోటి మాట నీటి మూట. రాసిన కాగితం ఉంటేనే ఆ హక్కు నిలబడుతుంది.

మధ్యవర్తిని అడగాల్సిన మాటలు

అందుకే పొలం చూపించడానికి ముందే మధ్యవర్తిని కూర్చోబెట్టి ఈ మాటలు అడుగుదాం.

ఒకటి, నీ కమీషన్ ఎంత, కొనేవాడి దగ్గర కూడా తీసుకుంటున్నావా? రెండు వైపులా తీసుకోవడం మన దగ్గర మామూలే. దాచిపెట్టి తీసుకోవడమే తప్పు. కమీషన్ రిజిస్ట్రేషన్ రోజున, మొత్తం సొమ్ము ముట్టాకే ఇస్తామని ముందే చెప్పాలి.

రెండు, కొనేది ఎవరు? పేరు, ఊరు చెప్పి, ఎదురుగా కూర్చోబెట్టాలి. "పార్టీ పెద్దది, బయటికి రాదు" అంటే ఆ పార్టీ అతనే కావచ్చు.

మూడు, ఈ మాటలన్నీ ఒక పేజీ మీద రాసి సంతకం పెడతావా? "ఫలానా సర్వే నంబరు పొలం అమ్మకంలో రైతు తరఫున మధ్యవర్తిగా ఉంటున్నాను, నా ప్రతిఫలం ఇంత, ఇంతకు మించి లాభం తీసుకోను" అని నాలుగు వాక్యాలు చాలు. నిజాయితీపరుడు వెనకాడడు. వెనకాడినవాణ్ని వదిలేద్దాం.

నాలుగు, ఇంతకుముందు ఎవరి పొలాలు అమ్మిపెట్టావు? కొన్నవాళ్ల పేర్లు కాదు, అమ్మిన రైతుల పేర్లు అడగాలి. ఇద్దరు ముగ్గురి ఇళ్లకు వెళ్లి, సొమ్ము అనుకున్న గడువుకు వచ్చిందా అని కనుక్కోవాలి. ఏ బోర్డు కన్నా ఇది నమ్మదగిన సర్టిఫికెట్.

ఐదు, మా పొలంలో లోపమేమిటి? ఇది అన్నిటికన్నా మంచి ప్రశ్న. దారి సమస్య, వాటా తగాదా, పట్టాలో పేరు తేడా చెప్పినవాడు పని తెలిసినవాడు, నిజం చెప్పేవాడు. "ఏం లేదు, బంగారం" అన్నవాడు ఆ లోపాన్ని ధర తగ్గించడానికి చివరి రోజు బయటికి తీస్తాడు.

అగ్రిమెంటు రాసేటప్పుడు గడువు తేదీ, గడువులో మిగతా సొమ్ము చెల్లించకపోతే ఒప్పందం రద్దవుతుందన్న మాట స్పష్టంగా ఉండాలి. భూమి అమ్మకాల్లో గడువే కీలకమని విడిగా రాయకపోతే, కోర్టులు సాధారణంగా దాన్ని అంత గట్టిగా పట్టించుకోవు. "చూపించినవారి పేరున" అన్న వాక్యం వద్దు, ఉంచాల్సి వస్తే రైతు రాతపూర్వక అనుమతితో అని చేర్చాలి. పూర్తి సొమ్ము బ్యాంకులో పడేదాకా స్వాధీనం ఇవ్వొద్దు. ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకం ఎవరు అడిగినా, దేవుడే అడిగినా పెట్టొద్దు.

నిజాయితీ మన వైపు కూడా

ఒక మాట మనలో మనం అనుకోవాలి. బయానా తీసుకున్నాక పక్క పొలం ధర పెరిగిందని మాట తప్పే రైతులూ ఉన్నారు. ఆడబిడ్డ వాటా దాచి అమ్మేవాళ్లు, ఇద్దరి దగ్గర బయానా పట్టేవాళ్లు ఉన్నారు. హక్కులో ఉన్న లోపాన్ని కొనేవాడికి చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిదేనని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. దాచి అమ్మితే వచ్చిన సొమ్ము లాయర్లకే పోతుంది. 2018లో చట్టం మారాక ఒప్పందం అమలు చేయించమని కోర్టులు ఆదేశించే అవకాశం ఇంకా పెరిగింది. మధ్యవర్తి నిజాయితీగా ఉండాలని అడిగే హక్కు మనం మాట మీద నిలబడితేనే ఉంటుంది. మనల్ని అబద్ధమాడనివ్వని మధ్యవర్తి మీద కోపం తెచ్చుకోవద్దు. అతను రేపటి దావాను ఈరోజే ఆపుతున్నాడు.

ఏం చేయాలి?

వ్యవసాయ భూముల అమ్మకాల్లో మధ్యవర్తులుగా ఉండేవారికి జిల్లా స్థాయిలో నమోదు తప్పనిసరి చేయాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ డిమాండ్ చేస్తున్నాం. యార్డు కమీషన్ ఏజెంటుకు ఉన్న లైసెన్సు, రసీదు నిబంధనలు పొలం మధ్యవర్తికీ ఉండాలి. కమీషన్ ఎంతో, ఎవరు ఇచ్చారో దస్తావేజులోనే రాయాలి. తహసీల్దార్, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో దస్తావేజును రైతుకు తెలుగులో చదివి వినిపించి, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిందని నిర్ధారించుకున్నాకే రిజిస్ట్రేషన్ పూర్తి చేయాలి. ప్రభుత్వ భూమి విలువలు వాస్తవ ధరలకు దగ్గరగా సవరించాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి మండల కమిటీ ముగ్గురిని ఎంచుకోవాలి: కాగితాలు చదవగలిగినవారు ఒకరు, కొలతలు తెలిసినవారు ఒకరు, మహిళా రైతు ఒకరు. పొలం అమ్మాలనుకున్న సభ్యుడు అగ్రిమెంటు మీద సంతకానికి ముందు ఆ కాగితాన్ని వారికి చూపించాలి. వారు కమీషన్ తీసుకోరు, బేరం కుదర్చరు. చదివి చెబుతారు, అంతే. ఏ మధ్యవర్తి చేతిలో ఏ రైతుకు గడువుకు సొమ్ము ముట్టిందో, ఎవరి చేతిలో పొలం ఇరుక్కుందో ఆ కమిటీ దగ్గర లెక్క ఉండాలి. మంచి మధ్యవర్తికి అది మంచి పేరు తెస్తుంది. మిగతావారికి భయం పెడుతుంది.

నిజాయితీగా బతికే మధ్యవర్తులు మన ఊళ్లలో ఉన్నారు. ఒకటో రెండో శాతం తీసుకుని, ఎండలో గట్లు తిరిగి, అన్నదమ్ముల్ని కలిపి, ఆడబిడ్డ వాటా ఇప్పించి, చివరి రూపాయి బ్యాంకులో పడ్డాకే ఇంటికి వెళ్లేవాళ్లు. వాళ్ల కష్టానికి తగ్గ కమీషన్ ఇవ్వడానికి ఏ రైతూ వెనకాడకూడదు. కంచె గట్టిగా ఉంటేనే చేను దక్కుతుంది. కంచే చేను మేసేదైతే, ఎన్నేళ్ల నాటి కంచె అన్నది లెక్కలోకి రాదు.